మంచును కోరేవారు, లెక్క వ్రాసేవారు

ఇంగ్లండులో ఒక వింత అభిరుచి గలవారు ఉన్నారు. నవంబరు నెల ప్రవేశించినది మొదలు వీరికి స్థిమితము ఉండదు. తూర్పుగాలి ఎప్పుడు వీస్తుంది, ఈ ఏడు హిమపాతము ఉన్నదా లేదా, పడితే నేలపై నాలుగు రోజులైనా నిలుస్తుందా అన్నదే వీరి చర్చ. వీరు శాస్త్రజ్ఞులు కారు. ఒకరు బడిపంతులు, ఒకరు పింఛనుదారు, ఒకరు కొట్టు నడుపుకొనే మనిషి. అయితే ఇంటి పెరటిలో ఒక ఉష్ణమాపకము, ఒక వర్షమాపకము ఉంటాయి. బల్ల మీద పాత సంవత్సరాల లెక్కలు ఉంటాయి. “ఈ నవంబరు అచ్చముగా 1962 నవంబరు వలె ఉన్నది” అని ఒకరంటే, “కాదు, 1946 వలె ఉన్నది” అని మరొకరు ఖండిస్తారు. ఎండకు గొడుగు పట్టుకొని తిరిగే మనకు ఈ ముచ్చట నవ్వు పుట్టించవచ్చును. మేము మాత్రము వీరి పక్షమున కొంత వాదించదలచినాము.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. తెల్లవారి గడ్డిపై మెరిసేది మంచు, బాట కనబడకుండా కమ్మేది మంచు, హిమాలయ శిఖరములపై పేరుకొన్నదీ మంచే. మన ఉర్దూ విద్యార్థులు షబ్నమ్ అని, కొహ్రా అని, పాలా అని, బర్ఫ్ అని వేరువేరుగా పలుకుతారు గనుక వారికి ఈ చిక్కు కొంత తక్కువ. ఏటా డిసెంబరులో లంబసింగిలో మంచు కురిసినదని పత్రికలలో చదివి మన పిల్లలు కాశ్మీరమును ఊహించుకొంటారు. అక్కడ కమ్మేది పొగమంచు. మిక్కిలి చలిగల వేకువలలో గడ్డిపై తెల్లగా కనబడేది నేలమీదనే గడ్డకట్టిన తేమ. ఆకాశము నుండి రాలే హిమము కాదు. ఈ వ్యాసములో మంచు అంటే ఆ రాలే హిమమే.

ఇంగ్లండువారి కోరిక క్రిస్మసు పండుగ చుట్టూ తిరుగుతుంది. ఆనాడు మంచు పడునా అని పందెములు కూడ కాస్తారు. అక్కడి వాతావరణ శాఖ పెట్టిన నియమము చిత్రమైనది: డిసెంబరు 25 నాటి 24 గంటలలో దేశములో ఎక్కడైనా ఒక్క మంచురేణువు రాలుట కంటబడితే చాలును, అది తెల్లని క్రిస్మసు. దేశమంతటా విస్తారముగా నేలపై మంచు పరచుకొన్న క్రిస్మసులు 1960 తరువాత నాలుగే నాలుగు: 1981, 1995, 2009, 2010. పండుగ కార్డులపై మాత్రము ఏటా మంచే. దీనికి డికెన్స్ మహాశయుడు కొంత బాధ్యుడందురు. 1812లో పుట్టిన ఆయన బాల్యము గడచిన దశాబ్ది మిక్కిలి చలిది. ఆ చలి ఆయన కథలలో చేరినది, కథలు జనుల జ్ఞాపకములో చేరినవి. “మా చిన్నతనములో ప్రతి శీతకాలము మంచు పడేది” అనే తాతగారు అబద్ధమాడుట లేదు. ఆయనకు మంచు పడిన మూడేండ్లు గుర్తున్నవి, పడని పదేండ్లు గుర్తులేవు.

పుస్తకము సంగతి వేరు. గోర్డన్ మాన్లే అనే భూగోళశాస్త్ర ఆచార్యుడు మధ్య ఇంగ్లండు ఉష్ణోగ్రతలను నెలనెలకు కూర్చి 1953లోను, 1974లోను ప్రకటించినాడు. అది 1659 నుండి మొదలై నేటికీ సాగుతున్నది. ప్రపంచములో ఉష్ణమాపకముతో తీసిన నెలసరి లెక్కలలో ఇంత దీర్ఘమైనది మరియొకటి లేదు. అన్నేండ్లు ఒకే చోట ఎవరూ చూసి వ్రాయలేదు సుమా! మతగురువులు, వైద్యులు, భూస్వాములు తమ దినచర్యలలో వ్రాసుకొన్న అంకెలను మాన్లే ఏరి, పోల్చి, సవరించి అతికినాడు. కొందరు ఉష్ణమాపకమును చలిమంట లేని గదిలో వ్రేలాడదీసినారు. 18వ శతాబ్ది తొలినాళ్ళలో కొన్నేండ్లకు నమ్మదగిన ఇంగ్లీషు లెక్క దొరకక హాలండులోని యూట్రెక్ట్ నగరపు లెక్కను ఆధారము చేసుకొన్నాడు. తొలి సంవత్సరాల అంకెలను అతిసూక్ష్మముగా చెప్పే సాహసము చేయలేదు. మాకు ఈ గుణము అన్నింటికంటె గొప్పదిగా తోచినది.

ఆ పుస్తకము ప్రకారము డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడు నెలల సగటు సున్నా డిగ్రీలకు దిగువకు పోయిన శీతకాలాలు మూడే. 1683–84లో సున్నాకు దిగువ 1.2, 1739–40లో 0.4, 1962–63లో 0.3. మొదటిదానిలో లండనువద్ద థేమ్స్ నది గడ్డకట్టి, దానిపై అంగళ్ళు వెలసి, బండ్లు నడచినవి. 1814 తరువాత ఆ నదిపై అట్టి సంత జరుగలేదు. దానికి చలి తగ్గుట ఒక్కటే కారణమని తొందరపడరాదు. ఇరుకు ఖానాల పాత వంతెనను 1831లో తీసివేసిన మీదట నీటి వేగము పెరిగినది.

1946–47 శీతకాలము మంచు ప్రియులకు పురాణకథ వంటిది. ఆ జనవరి నడుమ వాతావరణము వెచ్చబడి, 16వ తేదీన కొన్నిచోట్ల 14 డిగ్రీలకు చేరినది. ఆనాడు అడిగి ఉంటే మంచుపై ఆశ వదలుకొన్నామని చెప్పేవారే ఎక్కువ. వారము తిరుగకముందే గాలి మారినది. జనవరి 22 నుండి మార్చి 17 వరకు దేశములో ఏదో ఒక మూల మంచు కురవని దినము లేదు. రైళ్ళు కూరుకొనిపోయినవి, బొగ్గు కదలలేదు, విద్యుత్తు కోత పడినది, కర్మాగారాలు మూతబడినవి. ఫిబ్రవరి సగటు సున్నాకు దిగువ 1.9 డిగ్రీలు. ఆ నెల 20వ తేదీననే ప్రధాని అట్లీ, 1948 జూన్ లోగా భారతదేశమున అధికారమును అప్పగించెదమని పార్లమెంటులో ప్రకటించినాడు. మంచుకు, మన స్వాతంత్ర్యమునకు కార్యకారణ సంబంధము అంటగట్టే సాహసము మేము చేయము. చరిత్ర విద్యార్థులు ఆ ప్రకటనను చదివేటప్పుడు సభ వెలుపలి చలిని కూడ స్మరించిన మంచిది. మార్చిలో ఆ మంచంతా కరగి వరదలై పొలాలను ముంచినది.

కనుక “ఈ నవంబరు ఫలాని నవంబరు వలె ఉన్నది” అనే వాదనకు బలము తక్కువ. పాత లెక్క రానున్నదానిని చెప్పదు. ఏది సాధ్యమో, ఎంత అరుదో చెబుతుంది. 2010 డిసెంబరు సగటు సున్నాకు దిగువ 0.7, 1890 తరువాత అంత చల్లని డిసెంబరు లేదు. అయిదేండ్లకే 2015 డిసెంబరు సగటు 9 డిగ్రీలు దాటి, ఆ లెక్కలోని డిసెంబరులన్నింటిలో వెచ్చనిదైనది. ఎవరికి నచ్చిన సంవత్సరమును వారు ఏరుకొని వాదించవచ్చును. భూమి వేడెక్కుట లేదనేవారు 1868–69 శీతకాలమును చూపుతారు. నిజమే, ఆ లెక్కలో అన్నింటికంటె వెచ్చని శీతకాలము అదే. కాని ఒక్క ఏడును గాక ముప్పదేండ్ల సగటును చూస్తే, 1961–90 కంటె 1991–2020 శీతకాలాలు స్పష్టముగా వెచ్చనివి. మంచు కొరకు పరితపించే ఆ పెద్దమనుషుల పెరటి లెక్కలే వారి కోరిక తీరే అవకాశము తగ్గుతున్నదని తెలియజేస్తున్నవి. చేదు నిజమైనను వారు అంకెను దిద్దలేదు. మేము వారి పక్షము వహించుటకు కారణమిదే.

ఈ నిజాయితీకి పాత ఉదాహరణ ఒకటి కలదు. గిల్బర్ట్ వైట్ అనే మతగురువు సెల్‌బోర్న్ పల్లెలో ఉండేవాడు. 1784 డిసెంబరు 10 రాత్రి ఆయన ఉష్ణమాపకము ఫారన్‌హీటు సున్నాకు ఒక డిగ్రీ దిగువకు దిగినది. అంటే సెంటిగ్రేడులో సున్నాకు దిగువ సుమారు 18. తన ఇంటికంటె రెండు వందల అడుగుల ఎత్తున ఉన్న న్యూటన్ అనే ఊరిలో ఇంకెంత చలి ఉండునో అని, అక్కడి మిత్రుని కూడ చూసి వ్రాయమని ముందే కోరి ఉన్నాడు. తీరా అక్కడ అదే గంటకు 17 డిగ్రీలు! ఎత్తు పెరిగినకొద్దీ చలి పెరుగవలెను గదా? మిత్రుని పరికరము చెడినదేమోనని తన పరికరమొకటి పైకి పంపినాడు. రెండూ ప్రక్కప్రక్కన ఉంచితే ఒకే అంకె చూపినవి. గాలి కదలని రాత్రి చల్లని గాలి బరువెక్కి పల్లమునకు జారి నిలుస్తుందని నేడు మనకు తెలుసును. మన్యపు లోయలలో వేకువ చలికీ ఇదే సూత్రము. వైట్ తన ఊహకు విరుద్ధమైన అంకెను కొట్టివేయక, పరికరమును పరీక్షించి, ఉన్నది ఉన్నట్లు 1789లో అచ్చువేసినాడు.

1860లో సైమన్స్ అనే ఆయన 168 చోట్ల వర్షపు లెక్కలతో ఒక సంఘమును ఆరంభించినాడు. 1900లో ఆయన మరణించే నాటికి లెక్క వ్రాసి పంపేవారు మూడు వేలు దాటినారు. అందరూ స్వచ్ఛందముగా చేసినవారే. ఆ కాగితాలు భద్రముగా నిలిచినవి గనుక 2020లో మహమ్మారి వలన ఇండ్లలో చిక్కుకొన్న 16,000 మంది 66,000 పత్రములలోని అంకెలను పదహారు రోజులలో కంప్యూటరులోనికి ఎక్కించగలిగినారు. మన దేశములో పాత రిజిస్టర్లు తూకానికి పోవుటను ఎరిగిన వారికి ఈ వార్త విని కొంచెము అసూయ కలుగక మానదు.

ఇంగ్లండు మంచుతో మనకేమి పని అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. అక్కడి మంచుతో పని లేదు. హిమాలయముల మంచుతో ఉన్నది. 1876–78 నాటి మహాక్షామమును మన రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్నారు. అరువదేండ్లకొక ధాత వస్తుంది. పేరు చెప్పిన మాత్రాన ఏ ధాతయో, ఎన్ని అంగుళాల వాన లోటో తెలియదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. దాని తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ ఆ కరువుల నేపథ్యములో లెక్కలు తిరగవేసి, హిమాలయములపై మంచు అధికముగా పడిన ఏడు మైదానములలో వర్షము తగ్గే సూచన కలదని 1884లో ప్రకటించినాడు. 1886 జూన్ 4న వెలువడిన తొలి ఋతుపవన సూచనకు ఆధారమిదే. తరువాతి లెక్కలలో ఆ సంబంధము తొలుత తోచినంత గట్టిది కాదని తేలినది. 1976లో హాన్, శుక్లా అనే శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రములతో ఐరోపా, ఆసియా ఖండముల మంచు మొత్తమును చూసి ఆ ప్రశ్నను తిరిగి లేవనెత్తినారు. ప్రశ్న ఇంకను సాగుతున్నది. గుల్మార్గులో మంచు పడినదా అని అనంతపురము రైతు అడిగితే నవ్వవలసిన పని లేదు.

కాశ్మీరులో డిసెంబరు 21 నుండి నలువది దినములు చిల్లై కలాన్, ఆపై ఇరువది దినములు చిల్లై ఖుర్ద్, పది దినములు చిల్లై బచ్చా. ఆ నలువది దినములలో పడిన మంచే నిలిచి వేసవిలో నదులకు నీరగును. 2024 జనవరి తొలి వారాలలో గుల్మార్గు కొండలు బోడిగా ఉన్నవి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరుగవలసిన శీతకాల క్రీడలు మంచు లేక మార్చికి వాయిదా పడినవి.

మన వైపు చూద్దాము. పంచాంగములో ఏటా ఇన్ని ఆఢకముల వర్షమని, అందులో సముద్రములపై ఇన్ని భాగములు, పర్వతములపై ఇన్ని, భూమిపై ఇన్ని అని ఉంటుంది. ఉగాదినాడు శ్రద్ధగా వింటాము. ఏడు గడచిన మీదట ఎన్ని ఆఢకములు పడినవో కొలిచి చూచిన ఇల్లు మాకు తారసపడలేదు. కొలిచినవారివలన కలిగే మేలుకు దూరము పోనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత విశ్వేశ్వరయ్యగారు వచ్చి మొదట వెతికినది వర్షపు లెక్కలనే. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు పడినట్లు ఎవరో గుమాస్తా వ్రాసి ఉంచినాడు. అతని పేరు మనకు అక్కరలేదు, అంకె పనికివచ్చినది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైనవి.

కావున మా విన్నపము. కళాశాల ఆవరణలో చెట్లకు, గోడలకు దూరముగా ఒక వర్షమాపకము, గాలి ఆడే తెల్లని పెట్టెలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణమాపకములు పెట్టించవలెను. మేడపై పెట్టరాదు. వాతావరణ శాఖవారి వలెనే ఉదయము 8:30కు చదువవలెను. వాన పడని దినమున సున్న వ్రాయవలెను. ఖాళీ వదలితే పడలేదో, చూడలేదో రేపటివానికి తెలియదు. రిజిస్టరు ఒకటి ఉర్దూ విభాగములో, నకలు తెలుగు విభాగములో ఉండవలెను. ఖర్చు ఈ సంచిక ముద్రణ ఖర్చును మించదని మా అంచనా. విద్యార్థులు ముందుకు వస్తారు, అందులో సందేహము లేదు. మొదటి నెల పోటీపడి వస్తారు. ఆదివారములు, రంజాను, దసరా, వేసవి సెలవులు వచ్చినప్పుడు ఎవరు చదువుతారు అన్నది మాత్రము పరికరములు కొనకముందే కమిటీవారు తేల్చవలెను. హాస్టలులో ఉండే విద్యార్థులను, కావలి సిబ్బందిని కలిపి వంతులు వేయవచ్చునని మాకు తోచినది.