మన పీటీఎంలో సముద్రం ఎక్కడుంది?



పీటీఎం అనగానే మీకు గుర్తొచ్చేది ప్రోగ్రెస్ కార్డు, క్లాస్ టీచరు ఎదుట కుర్చీ, పక్కన తలొంచుకుని నిలబడిన పిల్లాడు. కానీ మదనపల్లె బస్టాండులో పీటీఎం అని అడిగితే చూపించేది పెద్దతిప్పసముద్రం బస్సును. సీటీఎం అంటే చిన్నతిప్పసముద్రం. రెండు పేర్లలోనూ సముద్రం ఉంది. మూడక్షరాలకు కుదించేసరికి మన నోట్లోంచి అది జారిపోయింది.

మొన్న ఆరో తరగతిలో ఆంధ్రప్రదేశ్ పటం మీద తీరరేఖ గీయిస్తున్నాను. పీటీఎం వైపు నుంచి వచ్చే ఒక పాప చెయ్యెత్తింది. "సార్, మా ఊరి పేరు కూడా సముద్రమే కదా, మరి మాకు తీరం ఎందుకు లేదు?" క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ నుంచి ఇంకొకడు "ఎండిపోయింటుందిలే" అన్నాడు. ఆ రోజు నేను చెప్పిన పాఠం కన్నా ఆ ప్రశ్న గొప్పది. ఎగతాళిగా వచ్చిన ఆ జవాబు కూడా నిజానికి దగ్గరగానే ఉంది. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

మన సీమలో సముద్రం అంటే చెరువు, అదీ పెద్ద చెరువు. విజయనగర కాలంలో పెద్ద చెరువు కట్టించి దానికి సముద్రమనో సాగరమనో పేరు పెట్టడం రివాజు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం బుక్కరాయల పేరు మోస్తోంది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో వ్యాసరాయ తీర్థులు కట్టించిన చెరువు వ్యాససముద్రం. మన పక్కనే రామసముద్రం మండలం ఉంది. చెరువుకు పెట్టిన పేరే నెమ్మదిగా ఊరికీ స్థిరపడింది. వానను నమ్ముకోలేని నేల మీద, నాలుగు కొండల నీళ్లు ఒక కట్ట వెనక నిలిచినప్పుడు దాన్ని సముద్రం అనుకున్నవాళ్ల సంబరం మనకు తెలియంది కాదు. వెయ్యి అడుగుల బోరు వేసినా తడి తగలని చేలు మనమూ చూశాం.

ఆ చెరువులు ఊరికే తవ్విన గుంతలు కావు. కడప వైపు పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కరుడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా లెక్కపెట్టి చెప్పారు. నీటి విద్య తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి అన్నారు. కట్ట కారడం దోషం, చౌడు నేల దోషం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడమూ దోషమే. మన పిల్లలు ఇంజినీర్లు కావాలని కోరుకుంటున్నాం కదా. ఆరున్నర శతాబ్దాల కిందటి ఇంజినీరింగు పాఠం మన సీమలోనే రాతి మీద ఉందని వాళ్లకు ఎవరు చెప్పాలి?

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పేరు చెప్పగానే పట్టుచీరలు గుర్తొస్తాయి. ఆ పేరులోని నీరుగట్టు ఎవరు? చెరువు తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే మనిషి. రెండు మళ్ల మధ్య తగాదా రాకుండా నీళ్లు పంచడం అతని పని. ఆ పని చేసేవాళ్లు కనిపించడం తగ్గిపోయింది. పేరు మాత్రం ఊరి బోర్డు మీద నిలిచింది.

తీరం దగ్గరి చిన్న ఊళ్ల పేర్లలో కూడా నీళ్ల కథే ఉంటుంది. మనకు పట్నం అంటే సిటీ. తీరంలో పట్నం అంటే ఓడలు ఆగే రేవు ఊరు. కళింగపట్నం, భీమునిపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం వరుసగా పటం మీద వేలు పెట్టి చూపించండి, పిల్లలకు ఒకప్పటి సముద్ర వ్యాపారం కళ్లకు కడుతుంది. గోదావరి పాయల మధ్య ఊళ్లకు లంక అని పేరు, అంటే చుట్టూ నీళ్లున్న నేల. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమ ఉంది. దివి అంటే దీవి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి అక్కడ వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇది నీటి మధ్య నేల అని ఆ పేరు అంతకుముందు నుంచే చెబుతూ ఉంది.

ఇక మన కుప్పం. తమిళంలో కుప్పం అంటే గుడిసెల గుంపు, చిన్న పల్లె. నెల్లూరు కిందివైపు నుంచి తమిళనాడు తీరం దాకా ఆ మాట జాలర్ల ఊళ్లకు స్థిరపడింది. అదే మాట ఇక్కడ కొండల మధ్య, మూడు రాష్ట్రాలు కలిసే చోట ఒక ఊరిపేరై కూర్చుంది. పిల్లలకు సరిహద్దు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మరి తిప్ప సంగతేమిటని ఆ పాప వదలకుండా అడిగింది. తిప్ప అంటే దిబ్బ, మిట్ట అనే అర్థం ఉంది. విజయనగర కాలంలో తిప్ప అనేది మనుషుల పేరు కూడా. సాళువ వంశంలో ఆ పేరు కనిపిస్తుంది. బుక్కరాయ, వ్యాస, రామ, ఇలా సముద్రాలకు ముందు సాధారణంగా మనిషి పేరో దేవుడి పేరో ఉంటుంది కాబట్టి నా ఓటు మనిషి పేరుకే. కానీ నా మాటను రాసుకుని బట్టీ పట్టొద్దని పిల్లలకు చెప్పాను. పెద్దవాళ్లు ఏమంటున్నారు, నేల ఏం చూపిస్తోంది, శాసనం గానీ పాత రికార్డు గానీ ఏం చెబుతోంది, ఈ మూడూ కలిస్తేనే నమ్మమన్నాను. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి కథనూ నమ్మే కాలంలో ఈ అలవాటు ఏ సబ్జెక్టుకైనా పనికొస్తుంది.

"ఇదంతా చదివితే ర్యాంకు వస్తుందా సార్?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మీరు కట్టే ఫీజు వెనక ఎంత చాకిరీ ఉందో నాకు తెలుసు. దీనికి మార్కులు రావు. కానీ పేరు పోతే ఏం పోతుందో ఒకసారి చూడండి. ఈ ప్రాంతం 1911 దాకా కడప జిల్లాలో ఉంది, తర్వాత చిత్తూరు, 2022లో అన్నమయ్య జిల్లా. ఏనుగుమల్లమ్మ కొండ ఒక కలెక్టరు పేరుతో హార్స్‌లీ హిల్స్ అయింది. జిల్లాలు మారినా సముద్రం అనే మాట మాత్రం ఇక్కడ చెరువు ఉందని సాక్ష్యం చెబుతూనే ఉంది. రేపు ఆ మాట తెలియని తరం వస్తే, ఎండిన చెరువు వాళ్ల కళ్లకు ఖాళీ జాగాలా కనిపిస్తుంది. ఖాళీ జాగా కనిపిస్తే ముందుగా వచ్చేది ప్లాట్ల రాళ్లే. ఒక మంచి వాన కురిసిన ఏడాది నీళ్లు తమ చోటు తాము వెతుక్కుంటూ వస్తాయి. అప్పుడు మునిగేది ఆ ప్లాట్లో ఇల్లు కట్టుకున్న మన పిల్లలే.

తప్పు మా వైపూ ఉంది. అడ్మిషన్ ఫారంలో ఊరి పేరు దగ్గర పీటీఎం అని రాస్తే మేమూ అలాగే కంప్యూటర్లో ఎక్కించాం. నా క్లాసు రిజిస్టరులో మాత్రం ఈ నెల నుంచి పూర్తి పేర్లే రాస్తున్నాను.

మీ నుంచి కోరేది ఒక ఆదివారం. పిల్లల్ని ఊరికి తీసుకెళ్లండి. అవ్వాతాతల దగ్గర కూర్చోబెట్టి మూడే ప్రశ్నలు అడిగించండి. మన ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చింది? చెరువు మరవ పారింది చివరిసారి ఎప్పుడు చూశారు? మన ఇంటిపేరు ఏ ఊరిది? తర్వాత చెరువు కట్ట మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపించండి. చూసింది, విన్నది ఒక పేజీ రాయించండి. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే.

వచ్చే పీటీఎంకు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ పేజీ కూడా తీసుకురండి. మార్కుల గురించి మాట్లాడేముందు ఆ పేజీయే చదువుతాను. ఆ పాప ఇప్పటికే మొదలుపెట్టింది. కట్ట మొత్తం నడవడానికి ఎన్ని అడుగులు పట్టాయో లెక్కపెట్టుకుని వస్తానంది.