కుటుంబ వేదిక: నది పుట్టిన చోట ఒక గుడారం



అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వేసవిలో ఫోను చేసి, "ఈ శని, ఆదివారాలు క్యాంపింగుకు వెళ్తున్నాం" అని చెబితే మన పల్లెల్లో ఉన్న తల్లిదండ్రులకు ఒక పట్టాన అర్థం కాదు. ఇల్లూ వాకిలీ, మెత్తని మంచమూ ఉన్నవాళ్లు అడవికి వెళ్లి గుడారంలో పడుకోవడమేమిటి? కట్టెల పొయ్యి మీద వండుకోవడమేమిటి? ఆ పొగలోనే గదా మనం పెరిగింది, దానికి డబ్బిచ్చి మరీ వెళ్లాలా అని నవ్వుకునేవారు కూడా ఉన్నారు. ఆ సంగతేమిటో ఈ నెల ఒక చోటును చూపించి చెప్పాలని మా కోరిక.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వం చూసుకునే జాతీయ పార్కులు కాక, ఒక్కొక్క రాష్ట్రం సొంతంగా కాపాడుకునే అడవులు, సరస్సులు ఉన్నాయి. వాటిని స్టేట్ పార్కులంటారు. కెనడా సరిహద్దున ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ఇటాస్కా అటువంటి పార్కు. ఆ రాష్ట్రంలో అన్నిటికంటె పాతది అదే. 32,000 ఎకరాలకు పైగా అడవి, అందులో నూరుకు పైగా చిన్నా పెద్దా సరస్సులు.

మిసిసిపీ మహానది పుట్టేది ఇక్కడే. ఇటాస్కా సరస్సు నుండి నీళ్లు బయటికి వచ్చే చోట ఆ నది వెడల్పు ఇరవై అడుగులైనా ఉండదు, లోతు మోకాళ్ల వరకే. చిన్నపిల్లలు రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ ఒక గట్టు నుండి మరో గట్టుకు దాటిపోతారు. అక్కడ బయలుదేరిన నీరు సుమారు 3,700 కిలోమీటర్లు ప్రయాణం చేసి, రమారమి 90 రోజులకు మెక్సికో సింధుశాఖలో కలుస్తుందని చెబుతారు. రాజమండ్రి దగ్గర గోదావరిని చూసినవారు, నాసిక్ జిల్లా త్ర్యంబకంలో అది సన్నని ధారగా మొదలవుతుందని విని ఆశ్చర్యపడతారు గదా, ఇదీ అటువంటిదే.

ఆ సరస్సు పేరు వెనుక ఒక మిషనరీ ఉన్నాడు. 1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆయన నది మూలాన్ని వెదుకుతూ వెళ్లాడు. దారి చూపించినవాడు ఓజావిండిబ్ అనే ఒజిబ్వే జాతి పెద్ద. ఆ జాతివారికి ఆ చోటు ముందే తెలుసు, వాళ్లు దానిని ఎల్క్ అనే పెద్ద దుప్పి పేరుతో పిలిచేవారు. ఆ ప్రయాణంలో విలియం బౌట్‌వెల్ అనే మిషనరీ కూడా ఉన్నాడు. నిజమైన మూలానికి లాటిన్‌లో ఏమంటారని స్కూల్‌క్రాఫ్ట్ అడిగితే ఆయన 'వెరిటాస్ కాపుట్' అనే మాటలు చెప్పాడు. వాటికి ముందు కొంత, వెనుక కొంత తీసివేయగా మిగిలినది 'ఇటాస్కా'. నిజానికి కనుగొన్నది ఎవరంటే దారి తెలిసిన ఓజావిండిబ్ పేరే ముందు చెప్పాలి. ఊళ్లో దారి చూపించినవానిని మరచిపోవడం మనకూ అలవాటే.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ అడవి ఇలా మిగలడం అంత తేలికగా జరగలేదు. 1891లో శాసనసభ దీనిని పార్కుగా చేసినప్పుడు తీర్మానం గెలిచింది ఒకే ఒక్క ఓటు తేడాతో. అప్పటికే ఆ పైన్ చెట్ల మీద కలప కంపెనీలకు హక్కులున్నాయి. చట్టం వచ్చినా గొడ్డలి ఆగలేదు. 1903లో పార్కు అధికారిగా ఉన్న జాన్ గిబ్స్ మరణించగా, ఆ బాధ్యత ఆయన కుమార్తె మేరీ గిబ్స్‌కు అప్పగించారు. అప్పటికి ఆమె వయస్సు 24 ఏళ్లు. దుంగలను నీటిలో తేల్చి పంపడానికి కంపెనీవారు అడ్డకట్ట వేసి సరస్సు నీటిని పెంచారు. గట్టున ఉన్న చెట్లు వేళ్లు కుళ్లి చచ్చిపోసాగాయి. మేరీ అక్కడికి వెళ్లి తలుపులు ఎత్తమన్నది. దాని మీద చెయ్యి వేసినవారిని కాల్చేస్తానని ఒకడు తుపాకీ చూపించి బెదిరించాడట. ఆమె వెనుకకు తగ్గక తన చెయ్యి అక్కడే వేసిందని చెబుతారు.

ఆమె గెలిచిందా అంటే ఆ రోజుకు గెలవలేదనే చెప్పాలి. కొద్ది నెలల్లోనే ఆమెను తప్పించి మరొకరిని నియమించారు. నరకడం ఇంకా పదిహేనేళ్లకు పైగా సాగింది. అయినా ఆ పోరాటం వల్ల లోకం కళ్లు ఇటు తిరిగాయి, కొన్ని తోపులు మిగిలాయి. నేడు నది పుట్టే చోట సందర్శకుల కోసం కట్టిన భవనానికి ఆమె పేరే పెట్టారు. తప్పించినవారి పేర్లు అడిగితే చెప్పేవారు అరుదు.

మిగిలిన తోపుల్లో ఒకదాని పేరు 'ప్రీచర్స్ గ్రోవ్', అంటే బోధకుల తోపు. ఒకప్పుడు బోధకుల మహాసభ వారు అక్కడ బస చేసినందున ఆ పేరు వచ్చింది. అక్కడి ఎర్ర పైన్ చెట్ల వయస్సు 250 ఏళ్ల పైమాటే. 1700ల మొదట్లో అడవి కాలిపోయిన తరువాత లేచిన మొక్కలవి. ఎర్ర పైన్ విత్తనం మొలవడానికి ఆకుల చెత్త లేని నేల, తగినంత ఎండ కావాలి. నిప్పు ఆ నేలను సిద్ధం చేస్తుంది. పెద్ద చెట్టు బెరడు మందంగా ఉంటుంది గనుక నేల మీద పాకే చిన్న మంటకు చావదు. మనుషులు మంటలన్నిటిని ఆర్పివేస్తూ వచ్చేసరికి, మొలిచిన కొద్ది మొక్కలను జింకలు మేసివేసేసరికి, కొత్త తరం చెట్లు రాకుండా పోయాయి. అందుకని అటవీ అధికారులే ఇప్పుడు అదను చూసి, హద్దు పెట్టి మంట పెడుతున్నారు. కష్టమేదీ తాకకుండా పెంచిన పిల్లల సంగతి తల్లిదండ్రులు ఇక్కడ ఆలోచించుకోవచ్చు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దలు ఇటువంటి చోటికి రమ్మంటే సందేహించనవసరం లేదు. గుడారం వేసుకునే జాగా ముందుగా బుక్ చేసుకోవాలి. అక్కడ బల్ల, మంట వేసుకునే ఇనుప చట్రం ఉంటాయి. రాత్రి పది దాటితే గట్టిగా మాట్లాడరాదు, పాటలు పెట్టరాదు. నల్ల ఎలుగుబంట్లు తిరిగే అడవి గనుక తినే పదార్థం ఏదీ గుడారంలో ఉంచరాదు, కారులో పెట్టి తాళం వేయాలి. మన పచ్చడి సీసా వాసన వాటికి ఎంత దూరమైనా తెలుస్తుంది. కాలిబాటల్లో నడిచేటప్పుడు నిండు చేతుల చొక్కా, కాళ్లు మూసే బట్టలు మేలు. గడ్డిలో ఉండే పిడుదులు లైమ్ అనే జబ్బు అంటిస్తాయి, నడిచి వచ్చాక ఒళ్లు చూసుకోవాలి. కట్టెలు ఇంటినుండి తీసుకుపోరాదు, వాటితో చెట్లను చంపే పురుగులు కొత్త అడవికి చేరుతాయి. వేసవిలోనూ రాత్రి చలి వేస్తుంది, దుప్పటి మరువకండి.

ఇక ఎందుకు వెళ్తారనే మొదటి ప్రశ్న. ఆ దేశంలో మన పిల్లలు తెల్లవారితే ఉద్యోగం, చీకటి పడితే అలసట. తల్లి ఒక గదిలో, తండ్రి ఒక గదిలో, పిల్లలు ఫోనులో. గుడారంలో గదులుండవు. మంట చుట్టూ అందరూ ఒకే చోట కూర్చోవాలి, నీళ్లు ఒకరు తేవాలి, కట్టెలు ఒకరు పేర్చాలి. మన పల్లెల్లో ఆరుబయట మంచాలు వేసుకుని చుక్కలు చూస్తూ చెప్పుకున్న కబుర్లనే వాళ్లు అక్కడ వెదుక్కుంటున్నారు. మనమో, ఉన్నదానిని టీవీ ముందు పోగొట్టుకుంటున్నాం.

ఈ నెల ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవడానికి:

1. మన ఊరి చెరువుకు నీరు ఎక్కడ నుండి వస్తుంది? పిల్లలను వెంటబెట్టుకుని ఆ వాగు వెంట మొదటి దాకా ఒకసారి నడిచారా?

2. మన ఊళ్లో అందరికంటె పాత చెట్టు ఏది? దానిని ఇంతకాలం నరకకుండా కాపాడినదెవరు?

3. ఒక్క ఓటు, ఒక్క చెయ్యి ఒక అడవిని నిలబెట్టాయి. మన ఊరికి మంచిదని తెలిసీ, ఒక్కరమే గదా అని మానుకున్న పని ఏది?