రసాయన బంధం: గెలిచిందెవరు, ఓడిందెవరు?

మా ఇల్లు నాచారంలో. ఇండస్ట్రియల్ ఏరియా పక్కనే కావడంతో ట్రాలీ ఆటోల మీద ఆక్సిజన్ సిలిండర్లు గలగలమంటూ పోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ సిలిండర్‌లోని అణువే ఒకనాడు పరీక్షలో నా మార్కులు మింగేస్తుందని మాత్రం అనుకోలేదు!

ప్రశ్న మనందరికీ కంఠతా వచ్చినదే: “వేలన్సీ బంధ సిద్ధాంతాన్ని, అణు ఆర్బిటాల్ సిద్ధాంతాన్ని పోల్చుము.” కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు లోపాలు, కుడివైపు సుగుణాలు రాస్తే చాలు. నేను గీత గీయలేదు. “దేని చోట అది ఒప్పు” అని రాశాను. ఎర్ర సిరాతో సున్నా వచ్చింది. అలక కాదుగాని, నా వాదన మీ ముందు మళ్లీ పెడుతున్నాను.

బంధమంటే ఎలక్ట్రాన్ల జంట అని 1916లో లూయిస్ అన్నాడు. 1927లో హైట్లర్, లండన్‌లు హైడ్రోజన్ అణువు విషయంలో ఆ మాటకు క్వాంటం లెక్క కట్టారు. పౌలింగ్ దాన్ని పెంచి పెద్దచేశాడు. ఈ దారిలో బంధం రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ, ఆ ఇద్దరిదే. హుండ్, మల్లికెన్‌ల దారిలో ఎలక్ట్రాన్ కాలనీ బోరింగు, అందరిదీ.

ఆక్సిజన్‌ను అయస్కాంతం ఆకర్షిస్తుంది. లూయిస్ బొమ్మలో ఎలక్ట్రాన్లన్నీ జంటలే కనుక ఇది తేలదు. అణు ఆర్బిటాల్ లెక్కలో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు వాటంతట అవే బయటపడతాయి. “కనుక వేలన్సీ బంధం ఓడింది” అంటాయి మన నోట్సులు. కాని పౌలింగ్ 1931లోనే, ఆక్సిజన్‌లో మూడేసి ఎలక్ట్రాన్ల బంధాలు రెండున్నాయని చెప్పి ఆ అయస్కాంత గుణాన్ని వివరించాడు. ఓడింది బొమ్మ, సిద్ధాంతం కాదు.

మరి హైడ్రోజన్ అణువును లాగి విడదీయండి. చెరొక ఎలక్ట్రాన్‌తో రెండు పరమాణువులు విడిపోవాలి. సరళమైన అణు ఆర్బిటాల్ లెక్క మాత్రం, సగం సార్లు రెండు ఎలక్ట్రాన్లూ ఒకరి దగ్గరే ఉంటాయంటుంది! ఇక్కడ వేలన్సీ బంధానిదే పైచేయి. మీథేన్ ఆకారం చెప్పడానికి నాలుగు సమాన సంకర ఆర్బిటాళ్లు చక్కగా పనికొస్తాయి. అదే మీథేన్ నుంచి వేలన్సీ ఎలక్ట్రాన్లను ఊడగొడితే సుమారు 14, 23 ఎలక్ట్రాన్ ఓల్టుల దగ్గర రెండు వేర్వేరు శక్తులు కనబడతాయి. అది అణు ఆర్బిటాల్‌కు సులువు.

రెండింటికీ చేయవలసిన సవరణలన్నీ చేస్తే జవాబు ఒక్కటే వస్తుంది. నాచారం నుంచి హబ్సిగూడ చౌరస్తా మీదుగా వెళ్లినా, లోపలి గల్లీల్లో దూరి వెళ్లినా చేరేది ఉప్పల్‌కే. బస్సుకు ఒక దారి మేలు, సైకిలుకు మరొకటి.

మనలో కొందరు రేపు ఉప్పల్ రోడ్డులోని ఐ.ఐ.సి.టి. వంటి ప్రయోగశాలల గడప తొక్కుతారు. అక్కడ పట్టిక అప్పజెప్పమనరు, “ఈ అణువుకు ఏ పద్ధతి, ఎందుకు?” అంటారు. అధ్యాపకులకు నా మనవి ఇదే: “పోల్చుము” అని ఆపకండి. “ఏ ప్రశ్నకు ఏది వాడతావు, అది నిన్ను ఎక్కడ మోసం చేస్తుంది?” అని అడగండి. అప్పుడు సున్నా వచ్చినా బాధపడను.