ముందు పొట్ట, తరువాతే ముఖం

పాత కారును బాగుచేయించబోతున్నానని ఎవరితో చెప్పినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఏ రంగు వేయిస్తున్నారు?" నేనూ అక్కడే మొదలుపెట్టినవాణ్ణి. మా నాన్నగారు వాడిన 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2కు కొన్నేళ్ళ క్రితం నగరంలో ఒకచోట రంగు వేయించాను. అద్దంలా మెరిసింది. మూడో వర్షాకాలానికి తలుపుల కింద బొబ్బలు లేచాయి. ఒక బొబ్బను వేలితో నొక్కితే రంగు, లప్పం, తుప్పు కలిసి రాలిపోయి వేలు లోపలికి దిగింది. తప్పు రంగుది కాదు. తుప్పు మీద లప్పం పామినవారిది కొంత, అడుగుభాగం చూడకుండానే డబ్బిచ్చిన నాది మరికొంత.

అందుచేత ఈ టపాలో నేను వాదించదలచిన సంగతి చిన్నదే. కారు గుల్లను బోర్లించి చూడగల చట్రం మీదికి ఎక్కించి, తూకంగా నిలిపి, పొట్ట బాగుచేసేదాకా రంగు మాట ఎత్తకూడదు.

ఆ చట్రాన్ని రోటిస్సెరీ అంటారు. చువ్వకు గుచ్చిన కోడిని నిప్పుల మీద తిప్పే సాధనం పేరే దీనికీ వచ్చింది. ముందొకటి, వెనకొకటి రెండు ఇనుప స్తంభాలు. ఒక్కొక్కదానికి తిరిగే ఇరుసు. ఇరుసుకు కారును పట్టే చేతులు. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు, అద్దాలు, తలుపులు అన్నీ విప్పగా మిగిలిన గుల్లను ఆ చేతులకు బిగిస్తారు. అప్పుడు అడుగు రేకు మన కళ్ళెదుట గోడలా నిలబడుతుంది. వెల్లకిలా పడుకుని, కళ్ళలో నిప్పురవ్వలు పడుతుండగా చేసే వెల్డింగుకూ, నిలబడి చేసే వెల్డింగుకూ ఎంత తేడా ఉంటుందో పనిచేసినవారికి తెలుసు.

మొయినాబాదు నుండి చేవెళ్ళ పోయే దారికి పేరు తెచ్చినవి మర్రిమానులు. ఆ దారికి కాస్త లోపలగా, మిత్రుడొకరి తోటలోని షెడ్డులో మా గుల్లను ఎక్కించాము. పని నడిపిన మేస్త్రీ పెద్దవాడు. నేను రంగుల పుస్తకం తీయబోతే, "మొగం తర్వాత జూద్దాం సారూ, ముందుగాల పొట్ట జూడాలె" అన్నాడు. నాకు శాస్త్రమంతా ఆ ఒక్క మాటలోనే దొరికింది.

అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు. దానికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 లాగానే గుల్లయే అస్థిపంజరం. మదరాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటి బండ్లలో ఛాసిస్ వేరు, గుల్ల వేరు. అంబాసిడర్‌లో ఆ వెసులుబాటు లేదు. తలుపుల కింది గడపలు తుప్పుపట్టాయంటే నడుము ఎముక మెత్తబడినట్లే. అటువంటి గుల్లను రెండు కొసలా పట్టి గాలిలోకి లేపితే మధ్యలో కుంగుతుంది. కుంగిన స్థితిలోనే కొత్త రేకు అతికితే ఆ వంకర శాశ్వతమవుతుంది. ఆ తరువాత తలుపు ఎన్నిసార్లు సవరించినా సరిగా పడదు.

కనుక ఎక్కించడానికి ముందే కట్టు కట్టాలి. బండి ఇంకా చక్రాల మీద ఉండగానే తలుపులు సరిగా పడుతున్నాయో లేదో చూసి, సందులు కొలిచి, ప్రతి ద్వారానికీ రెండు మూలమట్టపు కొలతలు కాగితం మీద రాసుకోవాలి. తరువాత తలుపులు విప్పి, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఇనుప గొట్టాలు అడ్డంగా, ఏటవాలుగా అతకాలి. కారును పట్టే చేతులను బంపర్లు బిగించే చోట్లకు వేయడం సాధారణ పద్ధతి. అయితే ఆ చోట్లే తుప్పుపట్టి ఉంటే ముందు వాటిని గట్టిచేయాలి. ఎక్కించిన తరువాత మళ్ళీ కొలిచి, కాగితంలోని అంకెలతో సరిచూసుకోవాలి.

ఇక తూకం. గుల్లకు సగం ఎత్తులో ఇరుసు పెడితే చాలునని నేను అనుకున్నాను. కాదు. పైకప్పు పలుచని రేకు. బరువంతా అడుగు రేకులో, గడపల్లో ఉంటుంది. అందుచేత గరిమనాభి సగం ఎత్తుకు దిగువనే ఉంటుంది. ఇరుసు దానికి పైన పడితే గుల్ల ఉయ్యాలలా ఎప్పుడూ నిటారుగా రావడానికే చూస్తుంది. దిగువన పడితే అవకాశం దొరకగానే తలకిందులవుతుంది. మొదటిది మొండితనం, రెండవది ప్రమాదం. అందుకే తొలిసారి పిడికెడు కోణమే వంచాలి. ఇరువైపులా మనుషులుండాలి, తాడు ఉండాలి, ఆపే చీల చేతికి అందుబాటులో ఉండాలి. గుల్లను పక్కకు పడుకోబెట్టినప్పుడు పైకప్పు కిందికి జారితే ఇరుసును పైకప్పు వైపుకూ, అడుగు జారితే అడుగు వైపుకూ జరపాలి. మేము ఒక పూటంతా బోల్టులు వదులుచేసి బిగిస్తూ గడిపాము. సాయంత్రానికి మేస్త్రీ ఒంటిచేత్తో తిప్పి వదిలితే, ఏ కోణంలో వదిలితే ఆ కోణంలోనే ఆగింది. ఆ క్షణంలో కలిగిన ఆనందం, కొత్త రంగును చూసినప్పుడు కలగలేదు.

మరొక సంగతి. ఆ తూకం శాశ్వతం కాదు. కుళ్ళిన అడుగు రేకు కోసివేస్తే బరువు తగ్గి నాభి పైకి జరుగుతుంది. కొత్తది అతికితే మళ్ళీ దిగుతుంది. నిన్న కుదిరిందని ఇవాళ ధీమాగా చీల తీయకూడదు.

"ఇంత ఖర్చెందుకు? పాత టైర్లు పరిచి పక్కకు దొర్లిస్తే పోలేదా?" అనేవారున్నారు. చిన్న అతుకుకు అది చాలవచ్చు. తరతరాలుగా మన టింకరింగు మేస్త్రీలు అట్లాగే అద్భుతాలు చేశారు, వారి చేతిని నేను తక్కువ చేయను. కానీ గడపలు పోయిన గుల్లను నలుగురు పట్టి దొర్లిస్తే ఎవరి పక్క ఎంత మెలిపడిందో కొలిచేవారుండరు. చట్రం ఖర్చు ఒకసారిది. పదిమంది కలిసి ఒకటి చేయించుకుని వంతులవారీగా వాడుకోవచ్చు.

చట్టం కూడా ఇటే చూపుతున్నది. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహన నిబంధనలను సవరించి 50 ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజ్ నమోదు ఏర్పరచింది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు. ఛాసిస్‌లో, గుల్లలో, ఇంజనులో పెద్ద మార్పులు జరగక అసలు రూపంలో ఉండాలన్నది నియమం. బోర్లించి చూసినవాడు కుళ్ళినంత మేరకే కోస్తాడు. చూడనివాడు భయంతో ఎక్కువ కోస్తాడు, లేదా లప్పంతో కప్పుతాడు. రెండింటిలోనూ పోయేది అసలు రూపమే.

ఈ ప్రాంతంలో చేసేవారికి ఇంకొక బాధ్యత ఉంది. మొయినాబాదు చుట్టుపక్కల కురిసిన వాన గండిపేట చెరువుకు చేరుతుంది. 1908 మూసీ వరద తరువాత కట్టి, 1920లో పూర్తిచేసిన జలాశయమది. దాని రక్షణకే 1996లో జీవో 111 వచ్చింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించినంత మాత్రాన నీటికి వచ్చే కీడు సడలదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. గుల్ల చట్రం మీద ఉంటే గీకిన పొడి కింద పరచిన పట్టా మీదే పడుతుంది. దానిని మూటకట్టి వేరుగా పంపవచ్చు. నేల మీద పనిచేస్తే మట్టిలో కలుస్తుంది, తరువాత వానలో పోతుంది.

ఆ షెడ్డుకు దగ్గరలోనే చిలుకూరు. అక్కడ కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. మా బండి ఎన్ని తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. దాని అడుగున నాన్నగారి కాలంలో ఎవరో వేసిన చిన్న ఇత్తడి అతుకు కనబడింది, ఇప్పటికీ గట్టిగానే ఉంది. దానిని అట్లాగే ఉంచమన్నాను.

రంగు ఇంకా నిర్ణయించలేదు. మీ ఇంటి పాత బండి పొట్ట మీరెప్పుడైనా చూశారా?