గల్లీ ఎవరి జాగీరు?

పురానా షహర్‌లో ఇల్లు కొనేవాళ్ళు గజాల్లోనే మాట్లాడతారు. 60 గజాలా, 80 గజాలా, గజం ఎంత? ఒక్క గజం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఖాందాన్లు మనలో తక్కువేం కాదు. అదే గజాల లెక్కన మన కార్లను కొలిచి చూద్దాం.

1983లో రోడ్డెక్కిన మారుతీ 800 పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4. నేల మీద 6 గజాల లోపే. ఇప్పుడు జహేజ్ మాటల్లో వినపడే క్రెటాలాంటి బండి పొడవు 4.3 మీటర్లు, వెడల్పు దాదాపు 1.8. అంటే 9 గజాల పైమాటే. గల్లీ మాత్రం అంగుళం పెరగలేదు.

అప్పట్లో మొహల్లాకి ఒకటో రెండో కార్లు. ఇప్పుడు అన్నదమ్ములున్న ఒక్క ఇంటి ముందే రెండు. రిజిస్ట్రీ లేదు, కిరాయా లేదు, 9 గజాల నేల మనదైపోయింది. పక్కింటాయన అరుగు ఒక అడుగు ముందుకు జరిపితే పంచాయితీ పెడతాం. కారు పెడితే మాత్రం తరక్కీ అంటాం!

ఆ కిరాయా కట్టేది కారు లేనివాళ్ళు. చేతికర్ర పట్టుకుని మస్జిద్‌కి నడిచే బుజుర్గులు, పిల్లల చెయ్యి పట్టుకుని స్కూలుకి తీసుకెళ్ళే తల్లులు. అంబులెన్స్ గల్లీ మొగలో ఆగిపోతే మరీజ్‌ని కుర్చీలో మోసుకురావాలి. జనాజా భుజాల మీద వెళ్ళాలి కదా? రెండు వైపులా కార్లుంటే డోలాకే సందు చాలదు. కాంధా ఇద్దామని వచ్చినవాళ్ళు వెనకే నిలబడిపోతారు.

కారు కొనడం గునాహ్ అని నేననను. అర్ధరాత్రి అమ్మీకి ఛాతీలో నొప్పి వస్తే కారు విలువ తెలుస్తుంది. బస్సు రాని చోట అది మజ్బూరీ కూడా. ఆ మజ్బూరీ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా సవాల్.

నిజాం సర్కారు 1932లోనే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆర్టీసీ బస్సు నంబర్లలోని 'జెడ్' నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని ఇప్పటికీ ఫఖర్‌గా చెప్పుకుంటాం. షహర్‌లో మెట్రో 2017లో నడిచింది. ఫలక్‌నుమా దాకా రావలసిన లైను మాత్రం 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. పాతబస్తీ లైనుకి పునాదిరాయి పడ్డది 2024 మార్చిలో. ఈ ఇంతెజార్‌లో తాకత్ ఉన్నవాళ్ళు కారు కొనుక్కున్నారు, లేనివాళ్ళు షేర్ ఆటోల్లో ఇరుక్కున్నారు. మొహల్లాలో మాట చెల్లేవాళ్ళందరికీ కార్లు వచ్చేసరికి, బస్సు కావాలని అడిగే గొంతే లేకుండా పోయింది.

అందుకే అంటున్నా: ముందు జాగా, తర్వాతే కారు. పిల్లనిచ్చేవాళ్ళని కారు అడిగే దూల్హా తండ్రి, దాన్ని ఎవరి 9 గజాల్లో నిలబెడతాడో కూడా చెప్పాలి. గల్లీలో ఒకవైపే బండ్లు, మొగలో అసలే వద్దు అని మొహల్లా పెద్దలు కూర్చుని తేల్చవచ్చు. దానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. ఇక ఓటు కోసం వచ్చినవాళ్ళని ఫ్లైఓవర్ అడగడం మానేసి, మన రూట్లో బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తుందో, మెట్రో ఎప్పుడొస్తుందో అడగండి. కారున్న భాయీలు, ఆపాలు, ముందు మీరే అడగండి. మీ మాటే వాళ్ళు వింటారు.