9 పెద్దదా, 85 పెద్దదా?

మొన్న ఫెస్ట్ క్విజ్‌కి స్కోర్‌బోర్డు పైథాన్‌లో రాసింది నేనే. 9 మార్కుల టీమ్ 85 మార్కుల టీమ్ పైన వచ్చింది. స్టేజ్ మీద అలాగే చదివేశారు కూడా!

తప్పు నాదే. పైథాన్‌లో ఇన్‌పుట్ స్ట్రింగ్‌గా వస్తుంది, నేను ఇంట్‌గా మార్చలేదు. స్ట్రింగులు మొదటి అక్షరం నుంచి పోల్చుకుంటాయి కాబట్టి 9 గెలిచింది. పైథాన్ కిక్కురుమనలేదు. అదే జావా అయితే కంపైల్ దగ్గరే మొరాయించేది. ల్యాబ్‌లో ఆ చాదస్తాన్నే కదా మనం తిట్టుకునేది!

నేననేది ఒకటే: ఏ లాంగ్వేజ్ సుఖమూ ఊరికే రాదు. జావా ముందే వసూలు చేస్తుంది, పైథాన్ రన్ అయ్యాక. 2015లో పైథాన్ 3.5తో టైప్ హింట్స్ వచ్చినా, వాటిని చెక్ చేసే టూల్ మనమే నడుపుకోవాలి.

అందుకే సబ్మిట్ చేసే ముందు 9, 85 ఇచ్చి ఒక్కసారి చూడండి. గెలిచిన టీమ్‌కి సారీ చెప్పడం కంటే అది చాలా తేలిక.