మనసు చేసుకోవడం

ఈ నెల మనం నేర్చుకునే మాట మీకు ఇదివరకే తెలుసు: మనసు.

తెలుగులో మనసుతో చాలా పనులు చేస్తాం. మనసు పెడతాం. మనసు చేసుకుంటాం. మనసు విప్పుతాం. మనసు చంపుకుంటాం. మాట అదే, పక్కనున్న క్రియ మారుతుంది. దానితో మన రోజు కూడా మారుతుంది. "ఎప్పుడూ సంతోషంగా ఉండు, మంచే ఆలోచించు" అని మనకు అందరూ చెబుతారు. అది ఎలాగో చెప్పేవారు తక్కువ. ఈ నాలుగు మాటలు కొంత దారి చూపిస్తాయి.

ముందు, చేయకూడని పని. మనసు చంపుకోవడం అంటే కోరికనో బాధనో బయటికి రానీయకుండా లోపలే అణిచేయడం. మన పెద్దలు ఎంత కష్టమైనా నవ్వుతూ భరించారని మనం గొప్పగా చెప్పుకుంటాం. అందరి విషయంలో అది నిజం కాదు. ఫిజీలో గిర్మిట్ ఐదేళ్ల ఒప్పందం. ఒప్పందం ప్రకారం రోజుకు తొమ్మిది గంటల పని, శనివారం ఐదు గంటలు. కూలి మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. ఇచ్చిన పని పూర్తి చేయకపోతే ఆ కూలి కూడా పూర్తిగా చేతికి రాదు. కూలీ లైన్లలో ఒక గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉండేది. అందులో ముగ్గురు ఒంటరి మగవారు గానీ, ఒక కుటుంబం గానీ బతకాలి. ఆ లైన్లలో ఎందరో తమ ప్రాణం తామే తీసుకున్నారు. ఆండ్రూస్, పియర్సన్ 1916లో ఇచ్చిన నివేదిక ఈ సంగతి రాసింది. వాళ్ళకు మంచి ఆలోచనలు లేక అలా జరిగిందని మనం అనగలమా? అనకూడదు.

రెండోది మనసు విప్పడం. అంటే లోపల ఉన్నది దాచకుండా చెప్పడం. ఫిజీలో 21 ఏళ్లు గడిపిన తోతారామ్ సనాఢ్య 1914లో ఇండియాకు తిరిగి వెళ్ళి, అక్కడ చూసినది చెప్పాడు. అది హిందీలో పుస్తకంగా వచ్చింది. ఆయనలా ఇంకా ఎందరో నోరు విప్పారు. 1916 తర్వాత ఫిజీకి కూలీ ఓడ రాలేదు. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. ఓర్చుకున్నందువల్ల అవి పోలేదు. "ఇది తప్పు" అని గట్టిగా చెప్పినవాళ్ళు ఉన్నందువల్ల పోయాయి. మీకూ అంతే. పని చోట అన్యాయం జరిగితే చెప్పండి. మనసు మరీ బరువుగా ఉంటే ఇంట్లో ఒకరికి చెప్పండి. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

మూడోది మనసు పెట్టడం. అంటే చేస్తున్న పని మీద ధ్యాస ఉంచడం. "మనసు పెట్టి చదువు", "మనసు పెట్టి వండింది" అంటాం. దీనికి వేరే సమయం అక్కర్లేదు. పొద్దున లేవగానే ఫోన్ చూడాలా, కిటికీ తెరవాలా? అన్నం తింటూ వీడియో చూడాలా, ఎదురుగా కూర్చున్న నానమ్మ మాట వినాలా? పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి, కారులోంచి దిగే ముందు ఒక్క నిమిషం ఊరికే కూర్చోవాలా, ఆ చిరాకునే ఇంట్లోకి మోసుకెళ్ళాలా? ఇవి చిన్న ప్రశ్నలే. కానీ రోజుకు పదిసార్లు వస్తాయి. జవాబు చెప్పేది మీరే.

నాలుగోది మనసు చేసుకోవడం. ఒక పని చేయాలని తెలుసు, కానీ బద్ధకమో భయమో అడ్డు వస్తుంది. అప్పుడు ఇష్టపడి ముందుకు రావడమే మనసు చేసుకోవడం. "కాస్త మనసు చేసుకుని రండి" అని పిలుస్తాం. మన తెలుగువాళ్ళు 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ వెళ్ళారు. అక్కడ చుట్టూ ఎక్కువగా హిందీ వినిపించేది. అయినా 1926లో దక్షిణాది వాళ్ళందరూ కలిసి సంగం పెట్టుకున్నారు. 1941లో తెలుగువాళ్ళు ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. పని గంటలు, కూలి వాళ్ళ పెద్దల చేతిలో లేవు. పిల్లలకు ఏ భాష, ఏ చదువు చెప్పించాలన్నది వాళ్ళ చేతిలోకి వచ్చింది. ఆ చేతిలో ఉన్నదాని కోసం వాళ్ళు మనసు చేసుకున్నారు.

మళ్ళీ 1987 మే 14న సువాలో సైనిక కుట్ర జరిగింది. మొదటి గిర్మిట్ ఓడ లియోనిడాస్ ఫిజీ చేరింది కూడా మే 14నే, 1879లో. కుట్ర తర్వాత వేల కుటుంబాలు ఫిజీ వదిలాయి. కొన్ని శాక్రమెంటో, హేవర్డ్, మొడెస్టో ఊళ్ళకు వచ్చాయి. బహుశా మీ కుటుంబమూ వాటిలో ఒకటి. రెండుసార్లు సముద్రం దాటిన ఇంట్లో భాష కొంత జారిపోవడం సహజం. మీరు తెలుగులో మాట్లాడితే ఎవరైనా నవ్వవచ్చు. "ళ" పలకలేదని వెక్కిరించవచ్చు. ఆ నవ్వు మీ చేతిలో లేదు. తర్వాతి వాక్యం మీ చేతిలో ఉంది.

ఈ నెల పని ఇది. రోజూ రాత్రి పడుకునే ముందు తెలుగులో ఒక్క వాక్యం రాయండి. "ఈ రోజు నేను ఫలానా పనికి మనసు చేసుకున్నాను" అని. "అమ్మమ్మకు ఫోన్ చేయడానికి మనసు చేసుకున్నాను" చాలు. "కోపంగా ఉన్నానని చెప్పడానికి మనసు చేసుకున్నాను" కూడా మంచి వాక్యమే. ఏ రోజైనా రాయలేకపోతే మరునాడు రాయండి. తప్పులు ఉన్నా పరవాలేదు, ఇంట్లో పెద్దలకు చూపించి దిద్దించుకోండి. ఆ వంకతో వాళ్ళూ నాలుగు మాటలు చెబుతారు.

వచ్చే నెల మరో మాటతో కలుద్దాం.